పన్నెండు నిమిషాలకొక బస్సు

(బెంగళూరు మారతహళ్లిలో తెలుగువారి నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

నేను పెరిగింది మదనపల్లె దగ్గర ఒక పల్లెలో. మా ఊరికి రోజుకు మూడు బస్సులు. వాటికి నంబర్లున్నాయో లేదో మాకెవరికీ తెలియదు. ఏడింటి బస్సు, పదకొండింటి బస్సు, సాయంత్రం ఐదున్నర బస్సు. అవే వాటి పేర్లు. చెరువు మలుపులో ఏడింటి బస్సు హారన్ వినబడిందంటే మా అమ్మ క్యారేజీ మూత బిగించేది. బస్సు ఎప్పుడూ నిండుగానే వచ్చేది. టాపు మీద టమాటా గంపలు, లోపల నిలబడ్డవాళ్ల మధ్య నిలబడ్డవాళ్లు. అయినా మా నాయన "బస్సుకు పోయొస్తా" అని బయలుదేరాడంటే, ఎన్ని గంటలకు మదనపల్లెలో దిగుతాడో, ఎన్నింటికి అన్నానికి వస్తాడో ఇంట్లో అందరికీ తెలుసు.

బెంగళూరుకు వచ్చాక బస్సుకు నంబరు వచ్చింది, టైము పోయింది. 335ఈ, 500డి, 500సి. ఇరవై మూడేళ్లుగా ఈ నంబర్లతోనే బతుకుతున్నాను. నాకు బండి నడపడం రాదు, కారు లేదు. రోజుకు రెండుసార్లు బస్సు ఎక్కుతాను. ఈ మధ్య మన సంఘం పెద్దలు ఏదైనా విషయం మీద మాట్లాడమన్నప్పుడు, నాకు బాగా తెలిసింది ఇదే కాబట్టి దీని మీదే మాట్లాడతానన్నాను.

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున స్టాపులో నిలబడి, పాత డైరీ చివరి పేజీలో బస్సులు వచ్చిన టైములు రాసుకున్నాను. నేను ఎక్కాల్సిన నంబరు ఒక్కదానివే. 8:05కి ఒకటి. తర్వాత 8:33. తర్వాత 8:34. తర్వాత 8:36. ఆపైన 9:02. ఇంచుమించు గంటలో ఐదు బస్సులు. లెక్క వేస్తే పన్నెండు నిమిషాలకొక బస్సు వచ్చినట్టే. రిజిస్టరులో చూస్తే ఆ పొద్దున ఏ లోపమూ కనబడదు.

స్టాపులో ఏం జరిగిందో చెప్తాను. 8:33 బస్సు ఒక పక్కకు ఒరిగి వచ్చింది. ముందు తలుపు మెట్టు మీద ముగ్గురమ్మాయిలు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి, లంచ్ బ్యాగులు పొట్టకు అదిమి పెట్టుకుని నిలబడ్డారు. ఒకామె చున్నీ తలుపు సందులో పడింది. లోపల ఎవరో దాన్ని మెల్లగా లాగుతున్నారు, ఆమె మెడ మాత్రం కదిలించలేకుండా ఉంది. కండక్టరు వెనక నుంచి "ముందె హోగి, ముందె హోగి" అంటున్నాడు. ముందుకు పోవడానికి జాగా లేదు, ఆయనకూ తెలుసు. మా స్టాపులో దాదాపు ముప్ఫై మందిమి ఉన్నాం. పదిమంది ఎక్కి ఉంటారు. 8:34 బస్సులో నిలబడటానికి చోటు దొరికింది. 8:36 బస్సులో సగం సీట్లు ఖాళీ. కిటికీ పక్కన ఒక పెద్దాయన హాయిగా నిద్రపోతున్నాడు.

మరి మొదటి బస్సు మీదే అందరూ ఎందుకు పడ్డారు? వెనక ఇంకోటి వస్తోందని ఎవరికి తెలుసు? తెలిసినా నమ్మేదెట్లా? ఫోన్‌లో రెండు నిమిషాలు అని చూపించిన బస్సు ఇరవై నిమిషాలైనా రాని రోజులు ప్రతివాళ్లకూ ఉంటాయి. ఒక్కసారి నమ్మి, వచ్చిన బస్సు వదిలేసి, ఆఫీసులో సగం రోజు జీతం పోగొట్టుకున్నవాళ్లు ఇంకెప్పుడూ వదలరు. నేనూ పోగొట్టుకున్నాను. అందుకే చెప్తున్నాను, తోసుకుని ఎక్కేవాళ్లకు ఓపిక లేదనుకోకండి. వాళ్లకు పోయింది నమ్మకం.

ఆ రోజు నా పక్కన ఒకామె నిలబడి ఉంది. అనంతపురం వైపు మనిషి. నాలుగు ఇళ్లలో పని చేస్తుంది. ఎంతసేపైందమ్మా అని అడిగాను. "ఏడున్నరకొచ్చినా అక్కా. ఒకటి ఆపలేదు, ఒకదాంట్లో కాలు పెట్టేదానికి లేదు. తొమ్మిదికి చేరకపోతే మొదటింటి మేడం తాళమేసుకోని ఆఫీసుకు పోతాది. ఇంగ ఆ పొద్దు పని లేనట్టే" అంది. ఆమె ప్రయాణం నలభై నిమిషాలు. కానీ స్టాపుకు గంటన్నర ముందు వస్తుంది. మధ్యలో మిగిలిన యాభై నిమిషాలూ ఆమె ఏం చేస్తున్నట్టు? ప్రయాణమూ కాదు, పనీ కాదు, ఇల్లూ కాదు. ఇంట్లో ఆరేళ్ల పిల్లకు జడ వేయకుండానే వచ్చేస్తుందట. పక్కింటి ముసలమ్మ వేస్తుందట. బస్సు సరిగా రాకపోవడం అంటే నాకు ఆ జడే గుర్తొస్తుంది.

ఇప్పుడు బస్సులు ఇట్లా జంటలు జంటలుగా ఎందుకు వస్తాయో చూద్దాం. నేను అకౌంట్స్ పని చేస్తాను కాబట్టి కొంచెం లెక్కలు చెప్తాను, విసుక్కోకండి.

రెండు బస్సులు పది నిమిషాల ఎడంతో బయలుదేరాయనుకోండి. ముందు బస్సు ఇబ్బలూరు దగ్గర ట్రాఫిక్‌లో మూడు నిమిషాలు ఇరుక్కుంది. తర్వాతి స్టాపుకు అది చేరేసరికి పది నిమిషాల జనం బదులు పదమూడు నిమిషాల జనం పోగై ఉంటారు. ఒక మనిషి ఎక్కడానికి మూడు సెకన్లు అనుకుందాం. నాలుగైదు స్టాపుల్లో కలిపి ఇరవై మంది అదనంగా ఎక్కితే ఇంకో నిమిషం పోయింది. లోపల జనం పెరిగేకొద్దీ ఎక్కడం కష్టం, దిగడం ఇంకా కష్టం, టికెట్ కొట్టడం అన్నిటికంటే కష్టం. ప్రతి స్టాపులోనూ ఆలస్యం కొంచెం కొంచెం పెరుగుతుంది. వెనక బస్సు సంగతి చూడండి. దానికి ఏడు నిమిషాల జనమే మిగిలారు. గబగబా ఎక్కించుకుని కదిలిపోతుంది. ఇట్లా రూటు చివరికొచ్చేసరికి ముందు బస్సు వెనకే ఉంటుంది. ఒకసారి కలిశాక ఎవరూ పనిగట్టుకుని విడదీయకపోతే అవి విడిపోవు. ముందుది మోస్తూనే ఉంటుంది, వెనకది ఖాళీగా వెంట పోతూ ఉంటుంది.

ఇందులో డ్రైవరు చేసిన తప్పు ఏముంది? కండక్టరు చేసిన తప్పు ఏముంది? ప్రయాణికుల తప్పు అసలే లేదు. ఎవరి తప్పూ లేకుండానే మూడు నిమిషాలు ముప్ఫై నిమిషాలవుతాయి. రద్దీ వేరే సమస్య, ఆలస్యం వేరే సమస్య అని మనం విడివిడిగా తిట్టుకుంటాం. ఆలస్యమైన బస్సే కిక్కిరుస్తుంది, కిక్కిరిసిన బస్సే ఇంకా ఆలస్యమవుతుంది. రెండూ ఒకే ముడి.

ఇంకో చిన్న లెక్క. అరగంటకు రెండు బస్సులు. సమంగా వస్తే పదిహేను నిమిషాలకొకటి. మనం ఎప్పుడు స్టాపుకు వెళ్లినా సగటున ఏడున్నర నిమిషాలు నిలబడతాం. అవే రెండు బస్సులు రెండు నిమిషాల తేడాతో కలిసి వచ్చి, మళ్లీ ఇరవై ఎనిమిది నిమిషాల తర్వాత వస్తే? స్టాపుకు వచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఆ పెద్ద సందులోనే వస్తారు. అందరినీ కలిపి లెక్కేస్తే సగటున పదమూడు నిమిషాలు నిలబడతారు. ఒక్క బస్సు కూడా తగ్గలేదు, డీజిల్ తగ్గలేదు, జీతాలు తగ్గలేదు. ఎదురుచూపు మాత్రం దాదాపు రెట్టింపైంది.

రద్దీ కూడా అంతే. కలిసి వచ్చిన రెండు బస్సుల్లో ఒకదాంట్లో తొంభై మంది, రెండోదాంట్లో పదిమంది. సగటు ఎంత? బస్సుకు యాభై. నలభై సీట్ల బస్సులో యాభై మంది అంటే పెద్ద రద్దీ కింద లెక్క కాదు. కానీ ఆ వందమందిని అడగండి, తొంభై మంది ఊపిరాడలేదనే చెప్తారు. సగటు అబద్ధం చెప్పదు, కానీ అది బస్సులను లెక్కపెడుతుంది. నేను మనుషులను లెక్కపెట్టమంటున్నాను.

బస్సులు పెంచితే సరిపోతుంది కదా అని మనలో చాలామంది అంటారు. పెంచాల్సిందే, కాదనను. అయితే బెంగళూరు నగర బస్సు సంస్థ చిన్నదేమీ కాదు. 1997లో కర్ణాటక ఆర్టీసీ నుంచి విడిపోయి బీఎంటీసీ అయ్యింది. ఇప్పుడు దగ్గర దగ్గర ఏడు వేల బస్సులున్నాయి. దేశంలో పెద్ద నగర బస్సు సంస్థల్లో ఒకటి. అదే ఊళ్లో రిజిస్టరైన వాహనాలు కోటి దాటాయి. ఆ కోటి వాహనాల మధ్య ఈ ఏడు వేలు చిక్కుకుని ఉన్నాయి. చిక్కుకున్న బస్సు ఏమవుతుందో చూడండి. ఒక రూటులో పోయి రావడానికి మూడు గంటలు పడితే, పదిహేను నిమిషాలకొక బస్సు నడపడానికి పన్నెండు బస్సులు చాలు. ట్రాఫిక్ పెరిగి అదే రూటుకు నాలుగు గంటలు పట్టిందనుకోండి. అవే పన్నెండు బస్సులతో ఇరవై నిమిషాలకొకటే నడుస్తుంది. పైగా డ్యూటీ టైము అయిపోతుంది, చివరి ట్రిప్పు కట్ అవుతుంది. రాత్రి స్టాపులో ఆ చివరి ట్రిప్పు కోసం నిలబడ్డవాళ్లకు అది కట్ అయిన సంగతి ఎవరూ చెప్పరు. ట్రాఫిక్ మన టైమునే కాదు, బస్సులనే తినేస్తోంది. దీన్నే తిరగేసి చూడండి. బస్సుకు దారి ఇచ్చి నాలుగు గంటలను మళ్లీ మూడు గంటలు చేస్తే, కొత్త బస్సు ఒక్కటి కొనకుండా బస్సులు పెరిగినట్టే.

(సభలో ఒకరు: "ఆడవాళ్లకు ఫ్రీ చేసినాకనే గదమ్మా ఇంత రద్దీ?")

అడిగినందుకు మంచిదైందన్నా. ఈ మాట బస్సులోనూ రోజూ వింటాను. కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైంది. తెలంగాణలో అదే ఏడాది డిసెంబర్ 9న మహాలక్ష్మి. మన ఆంధ్రలో స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న. మూడు చోట్లా ఇదే మాట. ఎక్కేవాళ్లు పెరిగారన్నది నిజం. నేను కళ్లారా చూశాను. ఎవరు పెరిగారో కూడా చూశాను. రెండు స్టాపుల దూరం నెత్తిన మూటతో నడిచే ఆమె ఇప్పుడు ఎక్కుతోంది. కాన్పుకు ముందు చెకప్‌కు నెలనెలా పోవాల్సిన అమ్మాయి ఇప్పుడు నెలనెలా పోతోంది. వాళ్లకిచ్చే ఆ సున్నా రూపాయల టికెట్టు ఎవరో వేసే దానం కాదు. దానికి ప్రభుత్వం సంస్థకు డబ్బు కట్టాలి. ఆడపిల్లలు బడికి ఎక్కువగా వస్తున్నారు, గదులు చాలడం లేదంటే గదులు కట్టమంటాం. పిల్లల్ని ఇంటికి పంపించం గదన్నా. ఎక్కేవాళ్లు పెరిగినప్పుడు దానికి తగ్గట్టు ట్రిప్పులు పెంచకపోవడం తప్పు. ఎక్కిన ఆమె తప్పు కాదు.

ఆడవాళ్ల విషయం వచ్చింది కాబట్టి ఇంకో మాట చెప్తాను. కిక్కిరిసిన బస్సు అందరికీ ఒకేలా ఉండదు. మగవాళ్లకు చెమట, తొక్కిసలాట. మాకు దాంతోపాటు ఎవరి చెయ్యి ఎక్కడ తగులుతుందోనన్న టెన్షన్. బ్యాగు ముందుకు తిప్పుకోవడం, మోచెయ్యి అడ్డం పెట్టుకోవడం మాకు పదహారేళ్లకే అలవాటైపోతుంది. రద్దీలో అది కావాలని తగిలిందో, బ్రేకుకు తగిలిందో చెప్పలేం. ఆ చెప్పలేకపోవడమే కొంతమందికి ధైర్యం. అమ్మాయి జీతం కొంచెం పెరగ్గానే స్కూటీ కొనుక్కుంటోందంటే మోజు అనుకోకండి. చాలామంది దీనికే కొంటున్నారు. వాళ్లు బస్సు దిగిపోయాక రోడ్డు మీద ఇంకో బండి పెరుగుతుంది, బస్సు ఇంకొంచెం ఆలస్యమవుతుంది.

మెట్రో వచ్చింది కదా అంటారు. వచ్చింది, దాని వల్ల మేలు జరిగింది. 2011 అక్టోబర్ 20న బైయప్పనహళ్లి నుంచి ఎం.జి.రోడ్డు దాకా మొదలైనప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి ఎక్కించాను. మొదట్లో మూడు పెట్టెలు, 2018 నుంచి ఆరు పెట్టెల రైళ్లు రావడం మొదలైంది. 2023 అక్టోబర్‌కు చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పర్పుల్ లైన్ పూర్తయింది. అయితే పట్టాలు వేస్తేనే సరిపోదని పసుపు లైన్ చూసి తెలుసుకున్నాం. 2025 ఆగస్టులో ఆర్.వి.రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్లు, 16 స్టేషన్లు తెరిచారు. అప్పటికి రైళ్లు మూడే. 25 నిమిషాలకొకటి. అంత పెద్ద స్టేషన్లు కట్టి, ప్లాట్‌ఫారం మీద జనం బస్టాపులో నిలబడ్డట్టే నిలబడ్డారు. రైళ్లు ఒక్కొక్కటే వచ్చి చేరాక ఆ ఎడం తగ్గుతూ వచ్చింది. అదే 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ చార్జీ 60 రూపాయల నుంచి 90 రూపాయలకు పెరిగింది. నాతో ఎక్కే ఇద్దరు కుట్టుపని అమ్మాయిలు ఆ వారమే మళ్లీ బస్సుకు వచ్చేశారు. కాబట్టి ఎన్ని మెట్రోలు వచ్చినా బస్సు అవసరం తీరదు.

మెట్రో దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. అది టైముకు ఎందుకు వస్తుంది? దాని దారిలో ఇంకెవరూ అడ్డం రారు కాబట్టి. బస్సుకూ అట్లాంటి దారి ఇవ్వొచ్చు. ఈ ఊళ్లోనే ఒకసారి ఇచ్చారు కూడా. 2019 చివర్లో ఇదే ఔటర్ రింగ్ రోడ్డు మీద, మన మారతహళ్లి మీదుగా, సిల్క్ బోర్డు వైపు నుంచి కె.ఆర్.పురం వైపుకు బస్సులకు ప్రత్యేకంగా ఒక లేన్ కేటాయించారు. మధ్యలో పొట్టి స్తంభాలు పాతారు. మీలో చాలామంది చూసే ఉంటారు. నాకు ఆ రోజులు బాగా గుర్తు. పక్కన కార్లు నిలబడి ఉంటే మా బస్సు సాఫీగా పోతుండేది. కిటికీ పక్క అమ్మాయి ఫోన్‌లో వాళ్లమ్మకు "వచ్చేస్తున్నా, కుక్కర్ పెట్టు" అని చెప్పింది. కుక్కర్ పెట్టమని చెప్పగలిగింది, అదీ గొప్ప. తర్వాత కరోనా, ఆ తర్వాత అదే రోడ్డు మీద మెట్రో పనులు. ఆ లేన్ పోయింది.

మెట్రో పనులు ఎప్పటికీ జరుగుతూ ఉండవు. పనులైపోయాక ఈ రోడ్డు మళ్లీ వేస్తారు, గీతలు మళ్లీ గీస్తారు. ఆ గీతలు గీసే ముందే మనం అడగాలి. గీసేశాక అడిగితే, ఉన్నది లాక్కుంటున్నారని కార్లవాళ్లు గొడవ చేస్తారు. ఈ హాల్లో కార్లున్నవాళ్లే ఎక్కువమంది. మీకు వ్యతిరేకంగా మాట్లాడటానికి రాలేదు. మీ కారులో సాధారణంగా ఒకరుంటారు, మహా అయితే ఇద్దరు. పక్క లేన్‌లో పోయే బస్సులో అరవై మంది. ఆ అరవై మందిలో మీ వంటామె ఉంటుంది, మీ అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ అతను ఉంటాడు, మీ ఆఫీసు హౌస్‌కీపింగ్ వాళ్లుంటారు. ఆ ఒక్క లేన్ వాళ్లకు వదలమని అడుగుతున్నాను.

లేన్ ఒక్కటే చాలదు. కలిసిపోయిన బస్సులను విడదీయడానికి మధ్యలో ఒకటి రెండు చోట్ల మనిషి కావాలి. మదనపల్లె బస్టాండులో కంట్రోలరు చేసేది ఆ పనే. చేతిలో చార్టు పెట్టుకుని "నువ్వు నాలుగు నిమిషాలు ఆగు" అనేవాడు. ఇప్పుడు ప్రతి బస్సూ ఎక్కడుందో కంప్యూటర్‌లో కనబడుతుంది, ఆగమని చెప్పే మనిషే కావాలి. రెండు తలుపుల దగ్గరా ఎక్కనివ్వాలి, పాసులు పెరగాలి, స్టాపులో బస్సు ఆగే చోటే ఆగాలి. ఇప్పుడు షెల్టరు ఒక చోట, జనం నిలబడేది ఇరవై గజాల అవతల, బస్సు ఆగేది రోడ్డు నడిమధ్య. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ ఇరవై గజాలు పరుగెత్తలేరు.

ఇళ్లలో పనివాళ్లను పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. మీ పనామె ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తే జీతం కోసే ముందు, ఇంటి నుంచి ఎన్నింటికి బయలుదేరావమ్మా అని ఒక్కసారి అడగండి. ఆఫీసుల్లో మేనేజర్లుగా ఉన్నవాళ్లు కూడా. అందరినీ తొమ్మిదికే రమ్మని ఎందుకు? కొందరిని ఎనిమిదికి, కొందరిని పదికి రానివ్వండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక ఇవన్నీ అడుగుతూ మనం పెట్టాల్సిన అర్జీ సంగతి. కన్నడంలో రాద్దాం, ఇది వాళ్ల ఊరు, వాళ్ల భాషలో అడగడం మర్యాద. రాయడం మనకు కష్టం కూడా కాదు. నేను వచ్చిన మొదటి వారంలోనే బస్సు బోర్డు చదివేశాను, తలకట్టు కొంచెం మారినట్టుంటుంది, అంతే. స్టాపులో నాతో నిలబడే కన్నడ అక్కలు ఇద్దరు చదివి దిద్దిపెడతామన్నారు. అయితే ఒట్టి ఫిర్యాదు రాస్తే ఎవరూ పట్టించుకోరు. నా ఒక్కదాని డైరీ పేజీ చాలదు. మూడు స్టాపుల్లో, రెండు వారాలు, పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎంత నిండుగా వచ్చింది, ఎంతమంది ఎక్కలేకపోయారు, ఇది రాసుకోవాలి. ఒక స్టాపుకు ఇద్దరు చొప్పున ఆరుగురు కావాలి. రిటైరైన పెద్దలు ముగ్గురు ఇప్పటికే వస్తామన్నారు. కాలేజీ పిల్లలుంటే ఇంకా మంచిది.

ఈ మంగళవారం మొదలుపెడదాం. బ్రిడ్జి దగ్గరి స్టాపు నాది. గీతలు కొట్టిన నోటు పుస్తకాలు తెచ్చాను, పోయేటప్పుడు బల్ల మీద నుంచి తీసుకోండి. అనంతపురం ఆమెకూ చెప్పాను. రాయడం రాదక్కా అంది. నువ్వు టైము చెప్పు, నేను రాస్తానన్నాను. ఆమె ఎలాగూ ఏడున్నరకే అక్కడ ఉంటుంది.